చెట్టు చాటు బాణం

జూలై వాన. ఉడుపి దగ్గర ఓ గుడి మండపంలో జంబుఖానా మీద కూర్చున్నారు మీరు. తెల్ల పంచె, భుజాన ఉత్తరీయం, అంతే. కిరీటం లేదు, విల్లు లేదు, ముఖాన రంగు లేదు. అయినా ఈ రాత్రి మీరు రాముడు.

ఎదురుగా వాలి. అరవై దాటిన మనిషి. మిమ్మల్నే చూస్తున్నాడు.

వానాకాలం యక్షగాన మేళాలు మామూలుగా తిరగవు. గజ్జెలు విప్పిన కళాకారులు ఇలా గుళ్లలో, ఇళ్లలో తాళమద్దళెకు కూర్చుంటారు. భాగవతుడు తాళాలు తాకించి పదం ఎత్తుకుంటాడు. పక్కన మద్దళె మోగుతుంటే ఆ అదురు నేల మీదుగా మీ మోకాళ్లకు తగులుతోంది. పదం ప్రసంగంలో, అంటే యక్షగాన కావ్యంలో, రాసే ఉంది. ఆ తర్వాత మీరు చెప్పాల్సిన ‘అర్థం’ మాత్రం ఎక్కడా రాసి లేదు. రాయబారం పద్యాలు కంఠతా పట్టి స్టేజీ ఎక్కే నటుడి ధీమా ఇక్కడ దొరకదు. ఒక్క ఇంగ్లీషు ముక్క దొర్లకుండా, మంచి కన్నడంలో, అప్పటికప్పుడు అల్లాలి.

పదం ఆగుతుంది.

“చెట్టు చాటు నుంచి ఎందుకు కొట్టావు రామా?”

ఊహించిందే. వానరానివి నువ్వు, మృగాన్ని రాజు చాటు నుంచి వేటాడొచ్చు అంటారు మీరు. తమ్ముడి భార్య రుమను చెరబట్టావు, అందుకే ఈ శిక్ష అని కూడా అంటారు. వాల్మీకి రాముడి జవాబులే ఇవి. జనం తలలూపుతున్నారు.

వాలి నవ్వుతాడు.

“మృగాన్నైతే నాకు మరదలేమిటి? ధర్మం తెలిసినవాణ్నైతే ఎదురుగా ఎందుకు రాలేదు? ఏదో ఒకటి తేల్చు.”

దొరికిపోయారు.

ముందు వరసలో ముసలాళ్లు ముందుకు వంగుతారు. షేణి గోపాలకృష్ణ భట్టు లాంటి అర్థధారిని విన్న చెవులవి. మాట తడబడితే పట్టేస్తాయి. వాలి చస్తాడని అందరికీ తెలుసు. జవాబు లేకుండా చస్తే మాత్రం ఓడేది మీరే.

నాలుక ఎండుతోంది. భాగవతుడి చేయి తాళాల మీదికి వెళ్తోంది. పదం ఎత్తుకుంటే బయటపడతారు. వద్దు. కళ్లతోనే ఆపుతారు.

“వాలీ, మృగమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. సంధ్య వార్చడానికి నాలుగు సముద్రాలు తిరిగినవాడివి. నీకు ధర్మం తెలుసు. ఎదురుగా వస్తే శరణనేవాడివి. శరణన్నవాణ్ని చంపలేను. సుగ్రీవుడికిచ్చిన మాట ఏం కావాలి?”

చప్పట్లు. ఊపిరి పీల్చుకోబోతారు.

వాలి మోకాళ్ల మీద చేతులానించి ముందుకు జరుగుతాడు.

“అంటే, నన్ను క్షమించాల్సి వస్తుందని దాక్కున్నావా?”