యాంటీవైరస్ ఆన్‌లోనే ఉంది.. మరి వైరస్ ఎలా దూరింది? ఫుల్ స్కాన్‌లోనే దొరకడానికి కారణాలివే!

కంప్యూటర్‌లో యాంటీవైరస్ ఉంది. పచ్చ టిక్కు కూడా కనిపిస్తోంది. కానీ ఎప్పుడో ఒకసారి ఫుల్ స్కాన్ పెడితే రెండు మూడు వైరస్‌లు బయటపడతాయి. మరి ఇన్నాళ్లూ ఇది ఏం చేస్తున్నట్టు? పలాసలో జీడిపప్పు లెక్కలు రాసే సిస్టం కావచ్చు, టెక్కలిలో జిరాక్స్ సెంటర్ కావచ్చు, ఉద్దానంలో విదేశీ ఉద్యోగం కోసం పాస్‌పోర్టు, ఆధార్ కాపీలు దాచుకున్న ల్యాప్‌టాప్ కావచ్చు. అందరూ తెలుసుకోవాల్సిన విషయం ఇది.

గేటు దగ్గర ఒక చూపు.. బల్ల మీద ఇంకో చూపు

యాంటీవైరస్‌లో రెండు పనులుంటాయి. ఒకటి రియల్ టైమ్ ప్రొటెక్షన్. ఫైల్ డౌన్‌లోడ్ చేసినా, కాపీ చేసినా, ఓపెన్ చేసినా ఆ క్షణంలోనే చెక్ చేస్తుంది. సిస్టం స్లో కాకూడదు కాబట్టి చూపు త్వరగా తిప్పేస్తుంది. రెండోది స్కాన్. ఎవరూ ముట్టుకోని పాత ఫైళ్లను కూడా ఒక్కొక్కటిగా తీసి చూస్తుంది.

పలాస వాళ్లకు ఇది ఈజీగా అర్థమవుతుంది. జీడి పిక్కల బస్తాలను గేటు దగ్గర పైపైన చూసి దించుకోవచ్చు. కానీ పుచ్చు పప్పు దొరికేది గ్రేడింగ్ బల్ల మీదే.

మిస్ అయ్యేది ఎందుకంటే..

* కొత్త వైరస్: యాంటీవైరస్ ఎక్కువగా తెలిసిన వైరస్‌ల గుర్తులతో పోల్చి చూస్తుంది. ఫైల్ వచ్చిన రోజు దాని గుర్తు లిస్టులో లేకపోతే లోపలికి వచ్చేస్తుంది. తర్వాత అప్‌డేట్ వచ్చాక స్కాన్ పెడితే అదే ఫైల్ దొరికిపోతుంది.
* జిప్ ఫైళ్లు: పెద్ద జిప్‌ల లోపలికి రియల్ టైమ్‌లో పూర్తిగా వెళ్లకపోవచ్చు. పాస్‌వర్డ్ ఉన్న జిప్‌ను అయితే స్కాన్ కూడా తెరవలేదు.
* మనమే ఆపేయడం: క్రాక్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు యాంటీవైరస్ ఆఫ్ చేస్తుంటారు. ఆ ఐదు నిమిషాల్లో వచ్చింది లోపలే ఉండిపోతుంది.
* రూట్‌కిట్‌లు: ఇవి విండోస్‌లోనే దాక్కుని యాంటీవైరస్‌కు కనిపించకుండా చేసుకుంటాయి. విండోస్ పూర్తిగా మొదలుకాక ముందే నడిచే ఆఫ్‌లైన్ స్కాన్‌తో వీటిని పట్టుకునే ఛాన్స్ ఎక్కువ.

శ్రీకాకుళం పోలీసులకూ తగిలిన దెబ్బ

2017 మే 12న ప్రపంచాన్ని కుదిపేసిన వనాక్రై గుర్తుందా? సుమారు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లను లాక్ చేసి, 300 డాలర్ల బిట్‌కాయిన్ అడిగింది. ఏపీలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లోని 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లకూ ఇది తగిలింది. వాటిని లాగాఫ్ చేయించామని అప్పటి డీజీపీ నండూరి సాంబశివరావు చెప్పారు.

ఇక్కడే అసలు పాఠం ఉంది. వనాక్రై వ్యాపించడానికి ఎవరూ లింక్ నొక్కాల్సిన పని లేదు. విండోస్‌లోని లోపాన్ని వాడుకుని నెట్‌వర్క్‌లో ఒక సిస్టం నుంచి ఇంకో సిస్టంకు అదే పాకింది. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. అంటే రెండు నెలల టైమ్ ఉంది. ఫైళ్లు లాక్ అయ్యాక స్కాన్ పెడితే వైరస్ పోవచ్చు కానీ ఫైళ్లు తిరిగి రావు. అందుకే స్కాన్ అయినా, అప్‌డేట్ అయినా, బ్యాకప్ అయినా ముందే చేయాలి.

ఇలా చేయండి

1. ముందు యాంటీవైరస్‌ను అప్‌డేట్ చేయండి. ఆ తర్వాతే స్కాన్. పాత లిస్టుతో వెతికితే ఉపయోగం తక్కువ.
2. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, అందులో స్కాన్ ఆప్షన్స్‌కు వెళ్లి ఫుల్ స్కాన్ పెట్టండి. గంటలు పట్టొచ్చు, రాత్రి వదిలేయండి.
3. తీసేసిన వైరస్ మళ్లీ మళ్లీ వస్తుంటే అక్కడే ఉన్న ఆఫ్‌లైన్ స్కాన్ నొక్కండి. సిస్టం రీస్టార్ట్ అవుతుంది, ముందే ఫైళ్లు సేవ్ చేసుకోండి.
4. జిరాక్స్ షాపులో పెట్టిన పెన్‌డ్రైవ్‌ను ఇంటికొచ్చాక విడిగా స్కాన్ చేయండి.
5. స్కాన్ చేయొద్దని పక్కన పెట్టిన ఫోల్డర్లు ఉంటే ఆ లిస్టు చూడండి. ఫుల్ స్కాన్ కూడా వాటి జోలికి వెళ్లదు.

ఫోన్ సంగతేంటి?

ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్, పెళ్లి శుభలేఖ పేర్లతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లను అసలు ఇన్‌స్టాల్ చేయొద్దు. ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి, ప్లే ప్రొటెక్ట్‌లో స్కాన్ చేసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ సైబర్ స్వచ్ఛతా కేంద్రలోనూ ఉచిత టూల్స్ ఉన్నాయి.

వైరస్ దొరికితే ముందు నెట్ ఆపండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లు మార్చండి. డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయండి.