వాద్యం చేసిన చేతులు – లియో రౌసమ్



గాయకుడు మరణిస్తే పాట ఆగిపోయిందంటాము. వాద్యకారుడు మరణిస్తే వాద్యం మూగబోయిందంటాము. మరి వాద్యాన్ని తయారుచేసినవాడు మరణిస్తే ఏమనాలి? ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి. వీణను, వేణువును వర్ణించే పద్యాలు పిల్లలచేత ఎన్నో వల్లె వేయించాను. ఆ వీణను చెక్కినవాడి పేరు చెప్పిన పద్యం మాత్రం నా పాఠాలలో ఒక్కటీ తగలలేదు. ఐర్లండు సంగీత చరిత్ర చదువుతూ లియో రౌసమ్ అనే వాద్యనిర్మాత దగ్గరికి వచ్చేసరికి ఈ ప్రశ్న నన్ను పట్టుకొన్నది. ఆయన 1970 సెప్టెంబరు 20న కన్నుమూశారు.

బ్యాగ్‌పైప్ అనగానే మనకు స్కాట్లండు సైనికులు నడుస్తూ, నోటితో ఊదుతూ వాయించే వాద్యమే కళ్ల ముందు మెదులుతుంది. ఐర్లండువారి ‘ఇలన్ పైప్స్’ అది కాదు. ఐరిష్ భాషలో ‘ఇలన్’ అన్న మాటకు మూలార్థం మోచేయి. వాద్యకారుడు కూర్చుని వాయిస్తాడు. ఒక మోచేతి కింద చిన్న కొలిమితిత్తి, రెండవ చేతి కింద తోలుసంచి ఉంటాయి. కొలిమితిత్తి సంచిలోకి గాలి పంపుతుంది, సంచి ఆ గాలిని గొట్టాలకు అందిస్తుంది. ఊపిరితో పని లేదు. మన వీధిభాగవతాలలో శ్రుతికోసం తిత్తి ఊదేవారని పెద్దలు చెప్పగా విన్నవారికి ఈ అమరిక అంత కొత్తగా తోచదు. కాని ఐరిష్ వాద్యం శ్రుతితో ఆగదు. రాగం పలికే గొట్టం చాంటర్; అది రెండు స్థాయిలు పలుకుతుంది. ఎడతెగక మోగే శ్రుతిగొట్టాలు మూడు. ఇవి చాలవన్నట్లు రెగ్యులేటర్లని మరి మూడు గొట్టాలున్నాయి. వేళ్లు చాంటరు మీద ఉండగానే మణికట్టుతో వాటి మీటలను నొక్కి, కొన్ని స్వరాలను కలిపి పలికిస్తారు. ఈ వాద్యం పట్టుబడడానికి నేర్వడం ఏడేళ్లు, సాధన ఏడేళ్లు, వాయించడం ఏడేళ్లు కావాలని అక్కడివారి నానుడి.

చూడడానికి ఇది నల్లని కొయ్య, ఇత్తడి మీటలు, తోలు. ప్రాణం మాత్రం పీకలలో ఉంది. సన్నాయివారి మాటనే ఇక్కడా వాడుకొంటాను. రెల్లుజాతి గడకర్రను చీల్చి, పలుచగా గీకి, చాంటరుకు జంటరేకుల పీక కడతారు. కొలిమితిత్తి గాలి పొడిగాలి కనుక నోటితడి తగలదు. అందువల్ల పీక చాలాకాలం నిలుస్తుంది. ఎంత నిలిచినా అది గడ్డిజాతిదే. వాతావరణం మారితే అలుగుతుంది, ఏనాటికో పాడవుతుంది. పైగా ఒక చాంటరుకు అమరిన పీక ఇంకొక చాంటరులో సరిగా పలకకపోవచ్చు. ఎక్కడ వెంట్రుకవాసి గీకాలో, ఎక్కడ ఆపాలో నిర్మాత చేతికీ చెవికీ తెలియాలి. కొయ్య రెండు వందల ఏళ్లు ఉండగలదు. దాన్ని పలికించే విద్య మనిషిలో ఉంటుంది, మనిషితో పోతుంది. వాద్యనిర్మాత మరణంలోని అసలు నష్టం ఇదేనని నా అభిప్రాయం.

ఐర్లండు ఈ నష్టాన్ని ఒకమారు చవిచూసింది. పందొమ్మిదో శతాబ్ది తొలినాళ్లలో డబ్లిన్‌లో కెన్నా, కోయిన్ వంటి నిర్మాతలు ఉండేవారు. 1845లో మొదలైన మహాక్షామంలో దాదాపు పది లక్షలమంది చనిపోయారు. ఇంచుమించు అంతమందే దేశం విడిచారు. వాయించేవారు పోయారు, విని నాలుగు డబ్బులిచ్చే పల్లెలూ చితికిపోయాయి. ఆ తరువాతి కాలంలో పేరొందిన నిర్మాతలైన టేలర్ సోదరులు డ్రోహెడా పట్టణం విడిచి అమెరికాలోని ఫిలడెల్ఫియాలో దుకాణం పెట్టారు. సభామందిరాలకు తగిన పెద్ద గొంతుగల వాద్యాలు అక్కడే చేశారు. ఐర్లండు వాద్యం ఐర్లండు బయట ఎదిగింది.

స్వదేశంలో ఈ విద్యను నిలబెట్టిన కొద్ది ఇళ్లలో రౌసమ్‌గారిల్లు ఒకటి. తాత శామ్యూల్ వెక్స్‌ఫర్డ్ ప్రాంతపు రైతు, వాద్యకారుడు. తండ్రి విలియం డబ్లిన్ చేరి వాద్యాల తయారీని, మరమ్మతును వృత్తిగా చేపట్టారు. షికాగో పోలీసు అధిపతిగా పనిచేసిన ఫ్రాన్సిస్ ఓనీల్ 1913లో వెలువరించిన ఐరిష్ సంగీతకారుల చరిత్రలో ఈ కుటుంబానికి చోటు దక్కింది. లియో 1903లో పుట్టారు. ఇంకా ఇరవై నిండకుండానే డబ్లిన్ పురపాలక సంగీత పాఠశాలలో ఉపాధ్యాయులయ్యారు; యాభై ఏళ్లపాటు ఆ పని విడువలేదు. పగలు కొయ్య తరిణె పట్టడం, పీకలు కట్టడం, పాతవాద్యాలు బాగుచేయడం, ఆపైన పాఠాలు. 1936లో, అంతకుముందే చల్లబడిపోయిన డబ్లిన్ పైపర్ల సంఘాన్ని మళ్లీ నిలబెట్టారు. ఆ ఏడే ఆయన రాసిన అభ్యాసగ్రంథమూ వెలువడింది. 1959లో క్లాడా అనే రికార్డుల సంస్థ తన మొట్టమొదటి రికార్డుగా ఆయన వాదనాన్నే విడుదల చేసి, దానికి ‘పైపర్ల రాజు’ అని అర్థమిచ్చే ఐరిష్ పేరు పెట్టింది.

రాజు అన్న బిరుదు వాయించినందుకు వచ్చింది. నాకు అంతకన్న గొప్పగా తోచేది ఆయన బడిపంతులుతనం. తాను చేసిన వాద్యాన్ని కొన్నవాడు దాన్ని వాయించలేకపోతే అది ఇంట్లో అలంకారంగా మిగులుతుంది. వాయించడం వచ్చినవాడికి వాద్యం దొరకకపోతే విద్య వేళ్లలోనే ఎండిపోతుంది. లియో ఈ రెండు కొసలనూ తానే పట్టుకొన్నారు. చీఫ్‌టెన్స్ బృందాన్ని స్థాపించిన పాడీ మొలోనీ, ప్లాంక్స్‌టీ బృందం ద్వారా ఈ వాద్యాన్ని 1970లలోని యువతరానికి వినిపించిన లియం ఓఫ్లిన్ ఆయన శిష్యులే.

1968లో ఇలన్ పైపర్ల కొత్త సంఘం ‘నా పీబరీ ఇలన్’ ఏర్పడినప్పుడు ఆ తొలి సమావేశంలో లియో ఉన్నారు. రెండేళ్ల తరువాత స్లైగో జిల్లాలోని రివర్స్‌టౌన్‌లో సంగీత పోటీలకు న్యాయనిర్ణేతగా వెళ్లి, అక్కడే మరణించారు. వయస్సు అరవై ఏడు. ఇతరుల సంగీతాన్ని వినడానికి కూర్చున్న చోట అంత్యకాలం రావడం తలచుకొంటే నా వంటి బడిపంతులుకు గొంతు పట్టుకొంటుంది.

పోయిన నిర్మాతకు అసలైన నివాళి ఏమిటో చెప్పడానికి ఇంకొక వాద్యం కథ చాలు. 1908లో జేమ్స్ ఎనిస్ అనే వాద్యకారుడు లండన్‌లోని ఒక తాకట్టు దుకాణంలో విడివిడి ముక్కలుగా ఉన్న పాత వాద్యం కొన్నారు. అది డబ్లిన్ నిర్మాత కోయిన్ చేతిపని. చేసినవాడు పోయి ఎంతకాలమో అయింది. ముక్కలు కలిపి, శ్రుతి చేయించగా అది మళ్లీ పలికింది. ఆయన కుమారుడు షేమస్ ఎనిస్ జీవితమంతా దానినే వాయించారు. 1982లో ఆయన మరణించాక అది లియం ఓఫ్లిన్‌కు దక్కింది. అంటే రౌసమ్ శిష్యుడి చేతిలో కోయిన్ వాద్యం పలికిందన్నమాట. నడుమ ఒక్క తరంలో పీక కట్టే విద్య పూర్తిగా తెగిపోయి ఉంటే అవి వట్టి కొయ్యముక్కలే.

2017లో యునెస్కో ఇలన్ పైపుల వాదనాన్ని మానవాళి అమూర్త వారసత్వంగా గుర్తించింది. ఆ గౌరవం వాద్యానికి వచ్చిందని లోకం అనుకొంటుంది. అందులో కొంత డబ్లిన్‌లో పీకలు గీకుతూ, పక్కనున్న పిల్లవాడి వేళ్లు సరిచేస్తూ గడిపిన ఆ యాభై ఏళ్లకు చెందుతుందని నేననుకొంటాను. వీలైతే ఆయన 1959 నాటి రికార్డు ఒకసారి వినండి. రాగం వెనుక వినబడే శ్రుతిగొట్టాల నాదం మీద కూడా కాస్త చెవిపెట్టండి.