రంగద్దక చూచిన జీవకణము



మా కర్నూలు, కడప మండలముల మెట్టపొలములలో వేరుసెనగను బుడ్డలనుట వాడుక. విత్తునకై దాచిన బుడ్డలలో నూనె యెంత యున్నదో తెలియగోరినచో, మా యూళ్ల నెఱిగిన యుపాయము నలుపుటయే. నలిపిన విత్తు మొలకెత్తదు. సూక్ష్మదర్శినితో చూచువారికిని ఇదే చిక్కు. నూనెబొట్లు కనబడుటకై గింజను పలుచగా కోసి, సూడాన్ అను ఎఱ్ఱరంగు నద్దుదురు. ఆ పనిలో కణము సాధారణముగా మరణించును. చూచినది కణమునా, కణపు శవమునా యని నాకు సందేహమే.

ఈ చిక్కును విప్పిన వెలుతురు తెనుగుదేశమునకు పరాయిది కాదు. చంద్రశేఖర వేంకట రామన్ గారు బాల్యమున విశాఖపట్టణమున చదివి, పదునొకండవ యేట మెట్రిక్యులేషన్ నెగ్గిరి. 1928 ఫిబ్రవరి 28వ తేదీన కలకత్తాలో, కె. ఎస్. కృష్ణన్ గారి తోడ్పాటుతో, వారు కనుగొన్న దేమనగా: ఒకే వన్నె గల కాంతి ద్రవముపై బడినపుడు, అందు అత్యల్పభాగము వన్నె మార్చుకొని వెలికి వచ్చును. ఆ మార్పు అణువుల కంపనమునకు గుర్తు. నూనె అణువు మార్చినట్లు నీటి అణువు మార్చదు. కావున రంగు పూయకయే ఏది నూనెయో, ఏది నీరో వెలుతురే చెప్పును.

వాల్తేరున ఈ విద్యను పెంచినవారిలో రామన్ గారి శిష్యులు సూరి భగవంతం గారు ముఖ్యులు. 1909లో కృష్ణామండలమందలి ఆగిరిపల్లిలో జన్మించిరి. కాంతి పరిక్షేపణమును, రామన్ ఫలితమును గూర్చి వీరు వ్రాసిన ఆంగ్లగ్రంథమును 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే ప్రకటించినది. కలకత్తా, బెంగుళూరుల పేర్లు చెప్పి వాల్తేరును మఱచువారిని చూచిన నాకు కోపము వచ్చును.

అయితే ఆ కాంతి మిక్కిలి మందము. సుమారు కోటి కొకపాలు. పాదరసదీపపు కాలమున ఒక్క ఛాయాపటమునకు గంటలకొలది కాచుకొనవలసెడిది. బ్రతికిన కణము అంతసేపు నిలుచునా? 1960లో లేజరు పుట్టినది. 1990లో హాలెండు పరిశోధకులు ఒంటరి సజీవకణమును దానితో పరీక్షించిరి. 2008లో హార్వర్డువారు రెండు లేజరు కిరణములను జతపఱచిరి. ఆ రెంటి కంపనసంఖ్యల వ్యత్యాసమును కొవ్వు అణువుల కంపనముతో శ్రుతి కలిపినచో, అణువులన్నియు ఒక్కుమ్మడి కంపించును. ఒక కిరణము కొంచెము తగ్గి, రెండవది కొంచెము హెచ్చును. ఆ హెచ్చుతగ్గులను కొలిచి చుక్కచుక్కగా పటము గీయుదురు.

వెలుతురు లోతునకు మాత్రము పోజాలదు, మిల్లీమీటరులో కొంతభాగమే. బుడ్డగింజ నడుమ నేమున్నదో ఇది చూపలేదు, పైపొరల కణములతోనే తృప్తిపడవలెను. కిరణము మిక్కుటమైనచో కణము మాడును. మితముగా నున్నచో, చూచిన పిమ్మటను అది బ్రతికియే యుండును.