రాచపెట్టె – బొగ్గుబండి

జైపూరు అనగానే రాజపుత్ర మహారాజులు, వారి అంబారీలు మన మనస్సున మెదలుట సహజము. మన జైపూరు వేఱు. మంచిర్యాలకు చేరువను, గోదావరికి ఉత్తరమున నున్న ఈ జైపూరులో మేడలు లేవు. సింగరేణి సంస్థవారి విద్యుత్కేంద్రము కలదు. 2016లో జాతికి అంకితమైన ఈ కేంద్రపు శక్తి 1200 మెగావాట్లు. అయినను రాజులు ప్రయాణించిన విలాసపు రైలుపెట్టెల ముచ్చట చెప్పుకొనుటకు ఈ బొగ్గుసీమయే తగిన తావని మా అభిప్రాయము. కారణము ముందు తెలియగలదు.

రైలు మన దేశమునకు వచ్చిన తొలిదినములలో పెట్టెలో ఒక అర నుండి మఱొక అరకు దారి ఉండెడిది కాదు. భోజనమునకైనను స్నానమునకైనను బండి ఆగవలసినదే. దూరప్రయాణము దినముల తరబడి సాగును; వేసవిలో ఎండ, ఏ కాలమందైనను దుమ్ము, పొగ. అందుచేత సంస్థానాధీశులు తమ ఇంటినే చక్రములపై కెక్కించుకొనిరి. దానినే సెలూను అనిరి. అందు పడకగది, కూర్చుండు గది, స్నానపు గది, ఒక్కొక్కదానిలో వంటయిల్లు, పరిచారకుల అర కూడ ఇమిడి యుండెడివి. అంతఃపుర స్త్రీలకు ఘోషా భంగము కాకుండ తెరలు దించెడివారు. గోడలు నున్నని టేకు పలకలు. పిడులు, కడ్డీలు తళతళలాడు ఇత్తడి. ప్రయాణము నిశ్చయమైనప్పుడు దానిని మెయిలు బండికి తగిలించుటయో, ప్రత్యేకపు బండిగా నడుపుటయో జరిగెడిది.

మన హైదరాబాదు రాజ్యమున రైలు 1874లో వాడి నుండి సికింద్రాబాదు వఱకు నడచినది. అప్పటికి ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ పసివాడు. రాజ్యభారము సాలార్జంగు మంత్రిది. 1893లో లాలాగూడలో రైల్వే కర్మాగారము వెలసినది. 1916లో కట్టిన కాచిగూడ స్టేషనులో ఘోషా స్త్రీల రాకపోకలకు ప్రత్యేకమైన ఏర్పాటు చేసిరి. 1930లో నిజాము ప్రభుత్వము రైల్వేను కంపెనీ నుండి కొని తన వశము చేసికొన్నది. 1951లో అది భారత రైల్వేలలో లీనమైనది.

ఈ వైభవమునకు వెనుక నున్నదేమి? బొగ్గు! 1871లో డాక్టరు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గుపొరలను కనుగొనెను. 1889లో త్రవ్వకము సాగినది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. ఆ దశాబ్దపు చివరకు కాజీపేట–బల్లార్షా మార్గము పూర్తియై, ఉత్తర దక్షిణములు రామగుండము, మంచిర్యాలల మీదుగా కలిసినవి. ఇంజనునకు రాచపెట్టె యనియు బొగ్గుపెట్టె యనియు భేదము లేదు. పట్టుపరుపుపై ఒకరు నిద్రించుచుండగా, ముందు ఇంజనులో మఱొకరు చెమటలు క్రక్కుచు పొయ్యికి పారతో బొగ్గు వేయుచుండిరి. ఇద్దఱిదియు ఒకే ప్రయాణము.

అట్టి పెట్టెలను కాపాడవలెనను తలంపు మనకు ఆలస్యముగా కలిగినది. న్యూఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియమునకు 1971లో శంకుస్థాపన చేసినవారు నాటి రాష్ట్రపతి వి.వి. గిరి. జీవితమున చాల భాగము రైల్వే కార్మికుల పక్షమున నిలిచిన మన తెలుగు పెద్ద, రాజుల పెట్టెలకు నీడనిచ్చు మందిరమునకు పునాదిరాయి వేయుట ఎంత చిత్రము! 1977లో తెఱచిన ఆ మ్యూజియమున 1875లో వేల్సు యువరాజుకై చేసిన సెలూను, 1899 నాటి మైసూరు మహారాజు సెలూను కలవు. స్వాతంత్ర్యానంతరము రాష్ట్రపతికిని సెలూను ఉండెడిది. మన నీలం సంజీవరెడ్డిగారు 1977లో అందు ప్రయాణించిరి. ఆ తరువాత చాల ఏండ్లకు, 2003లో, అబ్దుల్ కలాముగారు బీహారులో దానినెక్కిరి.

ఇంజనును కాపాడుట కొంత సులభము, అది ఇనుము. పెట్టెను కాపాడుట కష్టము, అది కొయ్య. పైకప్పు పలకలపై పఱచి రంగు వేసిన కిత్తానుగుడ్డ చినిగినచో వాననీరు దిగును. నీరు దిగిన చోట కొయ్య చివుకును, చెద పట్టును. పరుపుల గుడ్డ వెలిసిపోవును. ఇత్తడి దొంగల పాలగును. 1955లో పెరంబూరు కర్మాగారమున ఉక్కుపెట్టెల నిర్మాణము మొదలైన పిదప కొయ్యపని నేర్చినవారి అవసరమును తగ్గినది. కావున పాతపెట్టెను ఆరుబయట నిలిపి, ఏటేట రంగు పూసినంత మాత్రమున అది నిలువదు. దానిపై చూరుండవలెను, దాని కీలెఱిగిన వడ్రంగి ఉండవలెను.

అంతకంటె త్వరగా నశించునది మఱొకటి కలదు. అది జ్ఞాపకము. మన దేశమున పెద్దలైనుపై ఆవిరి ఇంజనులు 1995తో నిలిచిపోయినవి. పారపట్టిన ఫైర్‌మనులు, తట్టలకెత్తిన గని కార్మికులు నేడు వృద్ధులు. రాజు పేరు పెట్టెపై చెక్కియుండును. వీరి పేర్లు ఎక్కడను లేవు. మన కాలరీ వాడలలో, రైల్వే క్వార్టర్లలో అట్టి పెద్దలు ఇంకను ఉన్నారు. వారి మాటలను విని వ్రాసికొనుటకు గొప్ప ధనమేమియు అక్కఱలేదు. ఒక సాయంకాలము చాలును. రాచపెట్టె ప్రక్కన ఆ మాటలును భద్రమైననాడే ఆ ప్రయాణపు చరిత్ర పూర్తియగును.