నాగలి వెనక దీపం

ఈనాటి ప్రసంగం చిన్న ట్రాక్టరుకు రాత్రి పని కోసం బిగించే దీపాల గురించి. ఇదేం చరిత్ర, మెకానిక్ షాపు ముచ్చట కదా అని కొందరు అనుకోవచ్చు. మన ప్రాంతంలో పొలం పని రాత్రికి ఎందుకు జరిగిందో, ఆ చీకట్లో మనిషి ఏ వెలుతురుతో నెట్టుకొచ్చాడో వెతుక్కుంటూ పోతే, నూటపాతికేళ్ల వెనక్కి వెళ్లాల్సి వస్తుంది.

ఎద్దుల కాలంలో అర్ధరాత్రి దుక్కి లేదు. వేగుచుక్క పొడిచాక అరక కట్టేవారు, ఎండ ముదరకముందే విప్పేవారు. ఎద్దు దారి ఎద్దుకు తెలుసు, చాలు కాలికి తెలుసు, అందుచేత దీపంతో పెద్దగా పని పడేది కాదు. కల్లంలో కుప్ప నూర్పులకు మాత్రం వెన్నెల రాత్రులు చూసుకునేవారు. మబ్బు పట్టిన రోజున హరికేన్ లాంతరు, కాస్త ఉన్నవారింట పెట్రోమాక్సు. మన వాళ్లు దాన్ని గ్యాస్ లైటు అనేవారు. పెళ్లి ఊరేగింపుకు అద్దెకు తెచ్చిన ఆ లైటే, పని పడితే మర్నాడు కల్లంలో వెదురు గెడకు వేలాడేది. గాలి విసురుగా తగిలితే దాని మాంటిల్ పొడిపొడిగా రాలిపోయేది.

పొలం పనిని రాత్రికి తెచ్చింది కాలువ నీరు. 1866 నాటి మహాకరువు గంజాం ప్రాంతాన్ని కూడా వదల్లేదు. ఆ తర్వాత, పందొమ్మిదో శతాబ్దం చివరి రెండు దశాబ్దాల్లో, ఋషికుల్య నది మీద ఆనకట్టలు, సొరడ, రసెల్‌కొండ జలాశయాలు, కాలువలు కట్టారు. ఆ రసెల్‌కొండే ఈనాటి భంజనగర్. కాలువ వచ్చిందంటే వంతు వచ్చినట్టే. వంతుకు పగలూ రాత్రీ తేడా లేదు. తలకట్టు రైతు పగలు పెట్టుకుంటాడు, శివారు రైతుకు నీరు చేరేసరికి కోడి కూసే వేళవుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత గంజాం జిల్లా రెండు ముక్కలైంది. బరంపురం అటు, ఇచ్ఛాపురం ఇటు. గేట్ బజారు నుంచి ఇచ్ఛాపురం పాతిక కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. హద్దు గీత మారిందే గాని, శివారు రైతు రాత్రి కాపలా రెండు పక్కలా ఒకటే.

ఆంధ్ర వైపు దీనికి కరెంటు కూడా తోడైంది. బోరుబావి మోటార్లకు విద్యుత్తును విడతలుగా ఇచ్చే పద్ధతిలో ఒక విడత తరచు రాత్రిపూట పడేది. 2004 మే నెలలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ప్రకటించారు. బిల్లు భారం తగ్గింది గాని, అర్ధరాత్రి మోటారు వేయడానికి గట్టు మీద నడిచే రైతుకు పాము, తెగిన తీగ అనే రెండు భయాలూ అలాగే ఉన్నాయి. నీరు మడిలో పడ్డాక దమ్ము ఆలస్యం చేయడానికి లేదు. ఇంకితే మళ్లీ వంతు వరకూ ఆగాలి. అద్దె ట్రాక్టరు వాడు "బాబూ, పగలంతా వేరే వాళ్లకు మాట ఇచ్చేశాను, రాత్రి పదికి వస్తాను" అంటాడు. ఇలా నీటి వంతు, ట్రాక్టరు వంతు రెండూ రాత్రికే పడ్డాయి.

ఇక ట్రాక్టరు సంగతి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో తిండి కొరత పడిన బ్రిటన్ 1917లో హెన్రీ ఫోర్డు దగ్గర 6,000 ఫోర్డ్‌సన్ ట్రాక్టర్లకు ఆర్డరు పెట్టింది. ఆ ట్రాక్టరుకు బ్యాటరీ లేదు, ఫ్లైవీలులో ఇమిడిన మాగ్నెటోతోనే ఇంజను నడిచేది. అదే ఫోర్డు తయారు చేసిన మోడల్ టి కారులో 1915 నుంచి దీపాలకు కరెంటు మాగ్నెటో నుంచే వచ్చేది. ఇంజను జోరుగా తిరిగితే దీపం వెలిగేది, నెమ్మదిస్తే మసకబారేది. బండి నెమ్మదిగా పోయే గతుకుల దారిలోనే కదా వెలుతురు ఎక్కువ కావాలి! డైనమో, బ్యాటరీ, ఆ తర్వాత ఆల్టర్నేటరు వచ్చి ఈ చిక్కు తీర్చాయి.

మన దేశంలో, రెండో యుద్ధం ముగిశాక, అమెరికా సైన్యం వదిలి వెళ్లిన ట్రాక్టర్లతో ప్రభుత్వం సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్ నడిపింది. 1959లో ఐషర్ వారు ఫరీదాబాదులో దేశీయంగా ట్రాక్టరు తయారీ ప్రారంభించారు. 1974లో స్వరాజ్ వచ్చింది. చిన్న కమతాలకు, చిన్న మళ్లకు ఆ బండ్లు పెద్దవే. 1967లో బెంగుళూరులో మొదలైన వి.ఎస్.టి. వారు జపాను మిత్సుబిషి సహకారంతో పవర్ టిల్లర్లు, తర్వాత 18.5 హార్స్‌పవర్ శక్తి ట్రాక్టరు తెచ్చారు. ఇరుకు గట్ల మధ్య తిరగగలిగే బండి ఇదే.

కంపెనీ ఇచ్చే దీపాలు సాధారణంగా ముందు రెండు, వెనక మడ్‌గార్డు మీద ప్లౌ లాంప్ ఒకటి. ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్తాను. అరక దున్నేవాడు ముందుకు చూస్తూ నడిచాడు. ట్రాక్టరు నడిపేవాడు సగం సేపు మెడ తిప్పి వెనక్కి చూస్తాడు. రోటావేటరు, దమ్ము చక్రం, గట్టు అంచు, నీళ్లు మళ్లించడానికి వచ్చి గట్టు మీదే కునుకు తీస్తున్న కుర్రాడు, అన్నీ వెనక, పక్కనే ఉంటారు. అంచేత డబ్బు ఒక దీపానికే ఉంటే అది వెనకకే పెట్టాలి. ముందు నాలుగు దీపాలు బిగించి వెనక చీకటి ఉంచుకున్న బండ్లు ఊరేగింపుకు బాగుంటాయి.

దీపం పెట్టగానే సరిపోదు, లెక్క ఉంది. 1960ల్లో యూరపు కార్లలో హాలోజెన్ బల్బు ప్రవేశించింది. చాలాకాలం మన ట్రాక్టర్లకు అదనంగా బిగించిందీ అదే. 55 వాట్ల బల్బు 12 వోల్టుల మీద నాలుగున్నర ఆంపియర్లకు పైగా లాగుతుంది. నాలుగు పెడితే 18. చిన్న ట్రాక్టరు డైనమోకు అది మోయలేని బరువు. ఇంజను ఆపి, దీపాల వెలుగులో గట్టు మీద టీ తాగుతూ కూర్చుంటే, 40 ఆంపియర్-అవర్ల బ్యాటరీ కాగితం లెక్కన రెండు గంటల పైచిలుకు. నిజానికి సెల్ఫ్ తిప్పే సత్తువ అంతకు చాలా ముందే పోతుంది. నడి పొలంలో, దమ్ము చక్రాలతో, బురదలో నిలిచిన బండిని తోసి స్టార్టు చేయడం జరిగే పని కాదు.

సన్నని తీగ వేడెక్కుతుంది. ఆ వేడికి పక్కన ఎండుగడ్డి గాని, కారిన డీజిలు గాని ఉంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. అందుకే మంచి ఎలక్ట్రీషియన్ బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెడతాడు, లావు తీగ వేస్తాడు, స్విచ్చికి బదులు బరువంతా రిలే మీద వేస్తాడు. ఎర్తు తగిలించే చోట రంగు గీకి, ఇనుము కనిపించాక బోల్టు బిగిస్తాడు. దీపం మసకగా ఉందని బల్బులు మార్చి మార్చి విసిగినవారు ఒకసారి ఆ బోల్టు విప్పి చూడాలి, చాలాసార్లు దొంగ అక్కడే ఉంటాడు.

ఆ తర్వాత ఎల్.ఇ.డి. 1990ల తొలి సంవత్సరాల్లో జపానులో ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి. తయారైంది. దాన్నుంచే తెల్లని వెలుగు సాధ్యమైంది. అందుకు అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో భౌతికశాస్త్ర నోబెల్ ఇచ్చారు. హాలోజెన్ 55 వాట్లతో ఇచ్చిన వెలుగును ఇది ఇంచుమించు మూడో వంతు కరెంటుతో ఇస్తుంది. చిన్న ట్రాక్టరుకు రాత్రి పని నిజంగా కలిసివచ్చింది ఇప్పుడే. ఫిలమెంటు లేదు గనుక కుదుపులకు తెగిపోయే బెడద కూడా లేదు. తిప్పలు లేకపోలేదు. చవక రకంలో నీరు దూరుతుంది. తెల్లని వెలుగు మడి నీళ్ల మీద పడి కళ్లలోకి తిరిగి కొడుతుంది, దీపాన్ని కాస్త కిందికి వంచితే ఆ బాధ తగ్గుతుంది. కొన్ని దీపాలు వేయగానే పక్కనున్న రేడియోలో గరగర మొదలవుతుంది. ఇది మాత్రం మాకు నచ్చని సంగతి.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతాన్ని తాకింది. రెండుసార్లూ కరెంటు స్తంభాలు వరసగా ఒరిగాయి, చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి రాత్రుల్లో దారికి అడ్డంగా పడిన చెట్టు నరకాలన్నా, మునిగిన మడికి గండి కొట్టాలన్నా, తనంత తాను వెలుగు పుట్టించుకోగల యంత్రం ఊళ్లో ట్రాక్టరే.

పని ముగిసి రోడ్డెక్కేటప్పుడు వెనక తెల్ల దీపం ఆర్పేయాలి. వెనక నుంచి వచ్చే లారీ డ్రైవరుకు అది ఎదురు వస్తున్న బండిలా కనిపిస్తుంది. ఆ స్విచ్చి హెడ్‌లైటు స్విచ్చితో కలపకుండా విడిగా, చేతికందేలా పెట్టమని బిగించేవాడికి ముందే చెప్పండి. ట్రాలీ వెనక ఎర్ర రిఫ్లెక్టరు మీద బురద ఉంటే తుడవండి.