కే-562: ఒక రక్తకణపరంపర పూర్వకథ

నరదేహమునుండి వెలికిదీసిన రక్తకణములు గాజుపాత్రలలో సాధారణముగా కొలదిదినములకే నశించును. అయినను, అమెరికాలోని నాక్స్‌విల్ నగరమున కార్మెన్ లోజియో, బిస్మార్క్ లోజియో అను పరిశోధకులు, దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా ముదిరిన 53 ఏండ్ల స్త్రీయొక్క ఊపిరితిత్తుల పొరల నడుమ చేరిన నీటినుండి గ్రహించి పెంచిన కణములు మాత్రము ఎడతెగక విభజన చెందుచు తరతరములుగా నిలిచినవి. 1975లో వారు లోకమునకు తెలిపిన ఆ పరంపరయే కే-562. నేటికిని నానాదేశముల ప్రయోగశాలలలో పెరుగుచున్నవి ఆ తల్లి కణముల సంతతియేయను మాటను ఈ చరిత్రను వ్రాయువారు ముందుగా చెప్పవలెనని నా యభిప్రాయము.

వ్యాధిమూలాన్వేషణము అంతకుముందే ఆరంభమైనది. 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ రోగుల కణములలో కురుచయైన క్రోమోజోము నొకదానిని కనుగొనిరి. 1973లో జానెట్ రౌలీ, 9వ, 22వ క్రోమోజోములు తమ తునుకలను మార్చుకొనుటయే దానికి హేతువని తేల్చెను. ఆ మార్పిడిచే రెండు జన్యువులు అతుకుకొని బీసీఆర్-ఏబీఎల్ అను సంకర మాంసకృత్తును పుట్టించును. 1984లో ఓవెన్ విట్టే బృందము, వికృతమైన ఆ మాంసకృత్తునకు టైరోసిన్ కైనేజు శక్తి కలదని చూపినది ఈ కే-562 కణములలోనే.

ఆరోగ్యవంతమైన కణమున ఏబీఎల్ మాంసకృత్తు అవసరము కలిగినప్పుడే సంకేతము నందించి, పిమ్మట అణగియుండును. బీసీఆర్‌తో అతుకుకొన్నదో, తలుపూడిన తూమువలె విభజనసంకేతమును నిరంతరము ప్రవహింపజేయును. ఇంతటి వికృతిలోను కే-562 కణములు తమ పూర్వస్వభావమును మొత్తముగా మరువలేదు: హీమిన్ అను ఇనుపసంయుక్తము తగిలినప్పుడు అవి పిండదశనాటి హీమోగ్లోబిన్‌ను తయారుచేయుట 1979లోనే తెలియవచ్చినది. ఏ మాంసకృత్తు ఎప్పుడు, ఎంత పుట్టవలెనను కట్టడి చెడినదే కాని సమూలముగా నశింపలేదని తెలిపిన ఈ విషయము, నా దృష్టిలో, ఈ చరిత్రమంతటిలోను మిక్కిలి ఆశ్చర్యకరమైనది.

ఆ కైనేజును అణచు ఇమాటినిబ్ అను ఔషధము బ్రయన్ డ్రూకర్ ప్రభృతుల 1996నాటి పరిశోధనలచే ప్రసిద్ధమై, 2001 మే మాసమున అమెరికాలో అనుమతి పొందినది. అప్పటికే పరిశోధకులు, రోగులకు రాబోవు విపత్తును ముందే గ్రహింపగోరి, లుకేమియా కణములను క్రమముగా హెచ్చు మోతాదులలో ఆ మందున పెంచి చూచియుండిరి. బ్రతికి బయటపడిన పరంపరలలో కొన్ని బీసీఆర్-ఏబీఎల్ ఉత్పత్తిని పెంచుకొనగా, మరికొన్ని మందును వెలికి నెట్టు మాంసకృత్తును సమృద్ధిగా తయారుచేసికొన్నవి.