దొర అడగని ఆస్తి

తెలంగాణ పల్లెల ఆర్థిక చరిత్ర రాసినవాళ్లు ఎడ్ల జతలు లెక్కబెట్టారు. గొర్ల మందలు, తాటిచెట్లు, మోటబావులు లెక్కబెట్టారు. పంది మాత్రం వాళ్ల రాతల్లోకి దాదాపు రాలేదు. సర్కారు పశుగణనలో దానికొక వరుస ఉంటది, అంతే. భూమి లేనివాడి చరిత్రను భూమితోటి మొదలుపెడితే ఏం దొరుకుతది? లేనిదాని లెక్కే దొరుకుతది. అతని చేతిలో ఏం ఉండెనో అడగాలె. మంచాల, యాచారం, ఇబ్రహీంపట్నం వైపు, ఆ మాటకొస్తే మొత్తం తెలంగాణలో, ఎరుకల గుడిసెల వెనకా, కొన్ని దళిత ఇండ్ల వెనకా ఉన్న రెండు గుంటల జాగల పెరిగిన రెండు మూడు పందులు ఆ ప్రశ్నకు ఒక జవాబు.

నిజాం కాలపు వెట్టి గురించి మనకు చాలానే తెలుసు. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో అచ్చయిన తన తెలంగాణ పోరాట చరిత్రలో ఏ కులం దొరకు ఏమిచ్చుకోవాల్నో వివరంగా రాశారు. గొల్లవాళ్లు గొర్రెనివ్వాలె, కుమ్మరి కుండలివ్వాలె, మాదిగ చెప్పులు, తోలు సామాన్లు ఇవ్వాలె. అధికారి ఊళ్లె దిగితే కోళ్లు పట్టుకపోయేటోళ్లు. ఈ జాబితాను పంది కోసం చదివి చూడండి. దొర ఇంట్ల అది వండరు. తాలూకాదారు ముస్లిం అయినా, బ్రాహ్మడయినా దాన్ని ముట్టడు. కోడిని దాచుకోవాలె, మేకను దాచుకోవాలె, పందిని దాచుకునే పనిలేదు. అప్పు కింద బర్రెను తోలుకపోయిన షావుకారు పందిని తోలుకపోయి ఏం జేసుకుంటడు? అంటరానితనం మన మీద రుద్దిన అసహ్యమే ఈ ఒక్క జంతువుకు కంచె అయ్యింది. ఇది నా అంచనా. దీనికి పత్రాల సాక్ష్యం దొరకదు, ఎందుకంటే గుంజుకోనిదాన్ని ఎవరూ రికార్డు చెయ్యరు.

దీంట్ల ఉన్న లెక్కను కూడా చూడాలె. బర్రె పది నెలలు మోసి ఒక్క దూడను ఈనుతది. మేకకు అయిదు నెలలు. పంది 114 రోజులకు ఈనుతది, దేశవాళీ పంది అయినా ఈతకు అయిదారు పిల్లలు. దానికి మేత భూమి అక్కర్లేదు, గడ్డివాము అక్కర్లేదు. కుడితి, తవుడు, పాడయిన కూరగాయలు, కుంట ఒడ్డున తవ్వుకునే గడ్డలు చాలు. ఇక ఊరు బయట విడిచిన మలం సంగతి, చెప్పుకోడానికి సిగ్గుపడేటోళ్లు పడనీ, ఊరు శుభ్రం చేసే పనిలో మనిషిలాగనే పందికీ వాటా ఉండె. చెవికి కోత పెట్టి ఎవరి పంది ఎవరిదో గుర్తుపట్టేవాళ్లు. సొంతంగా కొనలేనివాళ్లు సగం పాలుకు తెచ్చి సాదుకునేవాళ్లు. పండుగకో, పెండ్లికో ఒకటి కోస్తే మాంసం పోగులు పెట్టి ఉద్దెర ఇచ్చేది, పంట కాలంల గింజలు తీసుకునేది. బ్యాంకు లేని వాడలో అది చిట్టీ లాంటిది. కుడితి కలిపేది, పిల్లలను కాచేది ఆడవాళ్లే. ఆ డబ్బు మీద మాట కూడా చాలావరకు వాళ్లదే. మొగుడి జీతం దొర పద్దులో అప్పు కింద పోతది, పంది పైసలు ఇంట్లకే వస్తయి.

ఇంత చేసినదానికి భాష ఇచ్చిన గౌరవం ఏంది? పందికేం తెలుసు పన్నీటి వాసన అన్నరు. పంది ఎంత బలిసినా నంది కాదన్నరు. అదే పంది విష్ణువు మూడో అవతారమయితే వరాహస్వామి. బాదామి చాళుక్యుల రాజముద్ర మీద వరాహం, కాకతీయుల ముద్ర మీద వరాహం, చివరికి బంగారు నాణెం పేరే వరహా. రాజు ముద్ర మీది పందికి దండం పెట్టినోళ్లే దాన్ని సాదినోన్ని గుడి మెట్టెక్కనియ్యలేదు. ఈ తిరకాసును బ్రాహ్మణీయ పండితులు ఎన్నడూ వివరించలేదు. ఊరికి జబ్బు వస్తే మాత్రం పంది కావాలె. తెలుగు పల్లెల్లో పశువులకు రోగం తగిలితే పందిని పొలిమేరలో మెడదాకా పూడ్చి, మందను దాని మీద నుంచి తోలే ఆచారాన్ని బిషప్ వైట్‌హెడ్ వందేండ్ల కిందటే రాసిపెట్టాడు.

ఇక్కడ మన ఇంటి సంగతి కూడా మాట్లాడాలె. మాదిగవాడ ఊరికి ఎంత ఎడం ఉంటదో, ఎరుకల గుడిసెలు మాదిగవాడకు అంత ఎడం ఉండేవి. మాల, మాదిగల్లో చదువుకున్న తరం మొదట వదిలిన పనుల్లో పంది సాదుడు ఒకటి. వదలడం తప్పని నేననను, కాని వదిలినంక ఎరుకలోన్ని చూసి ముక్కు మూసుకునుడు మాత్రం మనం అగ్రకులాల దగ్గర నేర్చుకున్నదే. ఎరుకలవాళ్ల మీద బ్రిటిషోడు 1871 చట్టంతో మొదలుపెట్టిన ‘నేరస్థ తెగల’ ముద్రను మద్రాసు రాష్ట్రంలో 1911 తర్వాత గట్టిగా అమలు చేశారు. స్టూవర్ట్‌పురం సెటిల్‌మెంటు అట్లా వచ్చిందే. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952లో. తెలంగాణ ఎరుకలవాళ్లు షెడ్యూల్డు తెగల జాబితాలోకి వచ్చింది 1976 సవరణ చట్టంతోనే. అంతదాకా కోస్తాలో ఎస్టీ అయిన మనిషి ఇక్కడ కాదు.

అదే 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం కూడా వచ్చింది. కాగితం మీద వచ్చిన ఆ చట్టాన్ని 1980ల నడుమ ఇబ్రహీంపట్నం తాలూకా వ్యవసాయ కూలీ సంఘం ఊళ్లల్లోకి తెచ్చింది. జీతగాళ్లను విడిపించుడు, కూలి రేట్లు, ఆక్రమించిన భూములు వెనక్కి తెచ్చుకొనుడు. ఆ సంఘంలో పనిచేసిన గీతా రామస్వామి 2022లో వచ్చిన జ్ఞాపకాల పుస్తకంలో ఈ పోరాటాన్ని రాశారు. అధికారుల్లో ఎస్.ఆర్. శంకరన్ లాంటి ఒకరిద్దరు చట్టాన్ని చట్టంలాగ చూశారు. విడుదలైన జీతగానికి 1978 పథకం కింద 4000 రూపాయల పునరావాసం, 1986లో 6250 అయింది. చాలాచోట్ల అది డబ్బు రూపంలో కాదు, పశువు రూపంలో ముట్టేది. 1980 నుంచి అన్ని బ్లాకుల్లో నడిచిన సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం కూడా అంతే. గడ్డిపోచ లేనివానికి బర్రెనిచ్చి గరీబీ పోతదంటే ఎట్లా అని నీలకంఠ రథ్ 1985లో అడిగాడు. ఆ విమర్శ పందికి పూర్తిగా వర్తించదు, పేదవాని ఇంటికి సరిపడే పశువు అదొక్కటే. కాని సర్కారు ఇయ్యదలుచుకున్నది ఆ పంది కాదు. లార్జ్ వైట్ యార్క్‌షైర్ తెల్లపంది. గన్నవరంలో పందిమాంసం ఫ్యాక్టరీ, తిరుపతిలో 1970ల నుంచి సంకరజాతి పరిశోధన, అన్నీ దాని చుట్టే. అది త్వరగా పెరుగుతది, నిజమే. దానికి దాణా కొనాలె, నీడ కట్టాలె, ఎండకు తడపాలె. కుడితితో బతికే నల్లపంది పేదవానిది, దాణాతో బతికే తెల్లపంది అప్పుతో వచ్చేది.

తర్వాత రోగాల కాలం వచ్చింది. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో మెదడువాపు పిల్లల్ని చంపినప్పుడు వేళ్లన్నీ పంది వైపే చూపాయి. వైరస్ పందిలో పెరుగుతదనేది వాస్తవం. దాన్ని మోసే దోమ పెరిగేది వరిమడి నీళ్లల్లో, కొంగల్లో కూడా ఆ వైరస్ ఉంటది. వరిమడిని ఊరవతలికి తొలగించమని ఎవరూ అనలేదు. 2009 మేలో దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు హైదరాబాద్‌లో బయటపడింది. విమానంల వచ్చిన మనిషికి మనిషి నుంచి అంటిన జబ్బు అది. పేరులో పంది ఉన్నందుకు వాడల్లో పందులు తరమబడ్డయి. ఊరపందుల వల్ల ఇబ్బంది లేదని నేననను, బద్దెపురుగు ఉన్నది, చేన్లల్ల పడి పంట పాడుచేసుడు ఉన్నది. కాని ప్రతిసారీ ఖర్చు భరించింది గుడిసె ఒక్కటే.

2012లో దేశంలో కోటీ రెండు లక్షలకు పైగా ఉన్న పందులు 2019 పశుగణన నాటికి 90 లక్షలకు దిగినయి. సాగర్ రోడ్డు పొంటి ఇబ్రహీంపట్నం దాకా, అవతల యాచారం దాకా భూమి ప్లాట్లయింది. పడావు భూమికి ప్రహరీ లేచింది, పంది తిరిగే జాగ పోయింది. తెలంగాణ సర్కారు 2023లో ఎరుకల సాధికారత పేరుతో పందుల పెంపకానికి పథకం ప్రకటించింది. కేంద్రం 2021లో సవరించిన జాతీయ పశుసంపద మిషన్‌లో పందుల యూనిట్ అంటే 100 ఆడపందులు, 10 మగపందులు, సబ్సిడీ 30 లక్షల దాకా. తర్వాత దాన్ని 50కి తగ్గించారు. పాత పథకాల్లో యూనిట్ అంటే మూడు ఆడపందులు, ఒక మగపంది. నూరు పందుల షెడ్డుకు సొంత భూమి కాగితమో, కౌలు కాగితమో చూపాలె, మిగతా ఖర్చుకు బ్యాంకు అప్పో, సొంత పెట్టుబడో చూపాలె. మంచాల వైపు రెండు గుంటల ఇంటి జాగ ఉన్నోళ్లు ఆ దరఖాస్తుల భూమి అని ఉన్న గడిలో ఏం రాయాలె?